ఉప్పుమళ్లలోని మూలుగు

పాఠ్యభాగములు: నిర్గమకాండము 1:8–14, 2:23–25, 3:7. ఫిలేమోను పత్రిక అంతయు.



దాసుడు అను మాట మన నాలుకకు మిక్కిలి అలవాటైన మాట. ప్రార్థన చేయునప్పుడు నీ దాసుడను, నీ దాసురాలను అందుము. సంఘకాపరిని దేవుని దాసుడని పిలుతుము. ఎన్నిసార్లు పలికినను అది నోటికి గ్రుచ్చుకొనదు. వాడుకచేత నున్నగా అరిగిపోయినది. పౌలు రోమా సంఘమునకు వ్రాయుచు తన్ను యేసుక్రీస్తు దాసునిగా చెప్పుకొనెను. ఆ పత్రిక చదువగా వినినవారిలో నిజముగానే ఒక యజమానుని సొత్తయి, అతడు అమ్మినప్పుడు అమ్ముడుపోవుచు, అతడు కొట్టినప్పుడు దెబ్బలు తినుచుండినవారును ఉండిరి. వారి చెవులకు ఆ మాట మన చెవులకు వినబడినట్లు వినబడియుండదు.

దాస్యము అనగానే మనము ఐగుప్తును తలంతుము. ఫరో, ఇటుకలు, ఎఱ్ఱసముద్రము. చిన్ననాటినుండి ఆదివారపు బడిలో వినుటచేత అది కథవలె సాగిపోవును. అయితే నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఆ దాస్యము ఎట్టిదో చెప్పవలసి వచ్చినప్పుడు గ్రంథకర్త పెద్ద మాటలు వాడలేదు. మంటి పని, ఇటుకల పని, పొలము పని అని పనుల పేర్లు చెప్పి, వాటిచేత ఆ జనుల బ్రతుకు చేదైనదని చెప్పెను. దాస్యపు క్రూరత్వము తెల్లవారి లేచి చేయు పనిలోనే ఉండును. కూజాలో, ఆవు పలుపులో, చేతిలోని పారలో ఉండును. ఇది మనకు కంటికి కట్టినట్లు తెలియవలెనని ఒక స్త్రీ సాక్ష్యమును ఈ నెల మీ ముందు పెట్టుచున్నాను.

ఆమె పేరు మేరీ ప్రిన్స్. సుమారు 1788లో అట్లాంటిక్ మహాసముద్రములోని బెర్ముడా దీవిలో పుట్టెను. ఆ దీవి ఆంగ్లేయుల పాలనలో ఉండెను. ఆమె పూర్వులు ఆఫ్రికానుండి ఓడలమీద తేబడినవారు. ఆ వ్యాపారము నడచిన మూడున్నర శతాబ్దములలో ఆఫ్రికా తీరమున ఓడలకెక్కించబడినవారు సుమారు 1 కోటి 25 లక్షల మంది. అవతలి ఒడ్డున ప్రాణములతో దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షల మంది. తక్కినవారు సముద్రము పాలైరి. ఇంత పెద్ద లెక్క మన మనస్సున నిలువదు. ఒక్క మేరీని చూతము.

ఆమె తండ్రి ఓడలు కట్టువాని యొద్ద రంపపు కోతపని చేయు దాసుడు. తల్లి ఇంటి పని చేయు దాసి. దాసికి పుట్టిన బిడ్డ దాసియే అని అక్కడి చట్టము. మేరీ చంటిబిడ్డగా ఉన్నప్పుడే ఒక తెల్లవాడు ఆమెను కొని, తన మనుమరాలికి బహుమానముగా ఇచ్చెను. మనము పిల్లలకు మేకపిల్లను ఇచ్చినట్లే. ఆ యింటి దొరసాని దయగలది. మేరీ ఆ చిన్న దొరసానితో ఆడుకొనుచు పెరిగెను. తన స్థితి ఏమిటో తెలియలేదు గనుక ఆ దినములలో సుఖముగా ఉంటినని ఆమె తరువాత చెప్పెను.

ఆమెకు సుమారు పండ్రెండేండ్లున్నప్పుడు ఆ దొరసాని చనిపోయెను. దొర మరల పెండ్లి చేసికొనదలచెను. పెండ్లికి డబ్బు కావలెను. మేరీని, ఆమె చెల్లెండ్రు హన్నాను, డైనాను అమ్ముటకు నిశ్చయించెను. ఆ యుదయమున తల్లియే వారికి ముతక గుడ్డతో కుట్టిన క్రొత్త బట్టలు తొడిగెను. తొడుగుచు, బిడ్డలకు ప్రేతవస్త్రములు చుట్టుచున్నానని ఏడ్చెను. తానే వెంటబెట్టుకొని వారిని సంతకు నడిపించుకొని పోయెను. వేలము వేయువాడు మేరీని వీధి నడుమ నిలిపి, అందరికి కనబడునట్లు మెల్లగా త్రిప్పెను. కొనవచ్చినవారు కసాయివాడు దూడను చూచినట్లు ఆమెను పట్టి చూచుచు, ఆమె వినుచుండగానే ఆమె అంగములను గూర్చి మాటలాడుకొనిరి. మన సంతలలో పశువుల పండ్లు చూచి, డొక్కలు నొక్కి బేరమాడుట మీరెరుగుదురు. అదే. పాట కొద్ది పౌనులతో మొదలై 57 పౌనులకు పోయెను. పిల్లకు ఎక్కువ ధర వచ్చెనని ప్రక్కవారు అనుకొనిరట. ముగ్గురు చెల్లెండ్రు ముగ్గురు యజమానులతో మూడు త్రోవలుగా పోయిరి. తల్లి వట్టి చేతులతో ఇంటికి మరలెను.

ఇక్కడ యోసేపును జ్ఞాపకము చేసికొనుడి. ఆదికాండము 37వ అధ్యాయములో అతనిని ఇరువది వెండి నాణెములకు అమ్మిన సంగతి చదువుదుము. ఆ అధ్యాయములో అతడు ఏడ్చినట్లు ఒక్క మాటయు లేదు. అతడు బ్రతిమాలుకొనెనని మనకు తెలియునది 42వ అధ్యాయము 21వ వచనములో, అదియు అమ్మినవారి నోటనే. అప్పటికి ఇరువది యేండ్లు గడచెను. అమ్మబడినవాని యేడుపు అమ్మినవారి లెక్కల పుస్తకమున ఎక్కదు. అందుచేతనే మేరీ వంటివారు స్వయముగా చెప్పిన మాటలు అమూల్యమైనవి.

క్రొత్త యింటిలో దొరసాని ఆమెకు పని నేర్పెను. వంట, ఉతుకుట, పిల్లలను ఎత్తుకొనుట, పశువులను చూచుట. మరియొకటి కూడ నేర్పెను. త్రాటి దెబ్బ ఎట్లుండును, బండి చెర్నాకోల దెబ్బ ఎట్లుండును, ఆవుతోలు కొరడా దెబ్బ ఎట్లుండును అను భేదము. ఆ యింట హెట్టీ అను మరియొక దాసి ఉండెను. మేరీతో ప్రేమగా ఉండిన స్త్రీ. ఆమె గర్భిణి. ఆమె కట్టిన ఆవు ఒకటి గుంజనుండి పలుపు విడిపించుకొని పోయెను. ఇంతే నేరము. దొర ఆమెను చెట్టుకు కట్టించి, ఒడలంతయు నెత్తురు కారువరకు కొట్టెను. మృతశిశువు పుట్టెను. తరువాత ఆమె ఒడలు నీరుపట్టి చనిపోయెను. అందరును, ఆమెకు చావే మేలు అనిరి. మరునాటినుండి హెట్టీ చేయు పనులన్నియు మేరీ మీద పడెను.

పలుపు ఊడుట మన యిండ్లలో వారమునకొకసారి జరుగును. ఆవును వెదకి తెచ్చి మరల కట్టుదుము.

మరియొక దినమున గాలివానలో పాత కూజా ఒకటి మేరీ చేతిలో రెండు ముక్కలాయెను. అది ముందే నడుమ పగిలియున్న కూజా. దొరసాని అప్పుడే కొట్టెను. మరునాడు దొర ఆమెను నిచ్చెనకు కట్టి నూరు దెబ్బలు కొట్టెను. ఆమె పారిపోయి తల్లియొద్దకు పోయెను. తల్లి ఆమెను బండరాళ్ల సందున దాచి, రాత్రులయందు కూడు తెచ్చిపెట్టెను. కాని తండ్రికి సంగతి తెలిసినప్పుడు ఆయన ఏమి చేయగలడు? పారిపోయిన దాసిని దాచినవారికి శిక్ష తప్పదు. ఆయన బిడ్డ చేయి పట్టుకొని తిరిగి ఆ యింటికే తీసికొనిపోయి, ఇకనైనను దయచూపుడని దొరను వేడుకొనెను. బిడ్డను కొట్టువాని గుమ్మమునకు తానే నడిపించుకొనిపోయిన ఆ తండ్రి నడకను తలంచుడి. ఈ కథ అంతటిలో నన్ను మిక్కిలి కలచివేయునది కొరడా కాదు, ఆ నడకయే.

లేఖనములలో ఇట్టివారిని గూర్చి ఏమున్నది అని మీరడుగవచ్చును. ద్వితీయోపదేశకాండము 23:15 చదువుడి. యజమానునియొద్దనుండి తప్పించుకొని వచ్చినవానిని తిరిగి అప్పగింపకూడదని అక్కడ ఆజ్ఞ ఉన్నది. నిర్గమకాండము 21:16లో మనుష్యుని దొంగిలించి అమ్మువానికి మరణశిక్ష. అదే అధ్యాయము 26, 27 వచనములలో దాసుని పన్ను ఊడగొట్టినను యజమానుడు వానిని విడిచిపెట్టవలెను. అయితే 20, 21 వచనములు కూడ ఉన్నవి. వాటిని దాటిపోవుట న్యాయము కాదు. దెబ్బలు తిన్న దాసుడు ఒకటి రెండు దినములు బ్రతికినయెడల యజమానునికి శిక్ష లేదని అక్కడ ఉన్నది. ఆ కాలపు కఠిన హృదయములకు కళ్లెము వేయుటకే ఆ ధర్మశాస్త్రము వచ్చెను గాని పరలోకరాజ్యపు నీతి అంతయు అందులో లేదని నేను గ్రహించుచున్నాను. పరిత్యాగపత్రికను గూర్చి ప్రభువు చెప్పిన మాట మత్తయి 19:8లో చూడుడి. దాసులను ఉంచుకొనినవారు మాత్రము 21వ వచనమును పట్టుకొని 16వ వచనమును విడిచిరి.

ఐదేండ్ల తరువాత మేరీని టర్క్స్ దీవులకు పంపి అక్కడ మరియొకనికి అమ్మిరి. అక్కడి పని ఉప్పు పండించుట. మన సముద్రతీరపు సంఘములవారికి ఉప్పుమళ్లు తెలియును. కాళ్లు పగులుటయు, ఎండకు ఉప్పు మెరసి కన్నులు మండుటయు తెలియును. అయితే సాయంకాలము కూలి పుచ్చుకొని ఇంటికి వచ్చు పని వేరు. అక్కడ తెల్లవారుజామున నాలుగు గంటలకు పార, సగము పీపా ఇచ్చి మడిలోనికి దింపుదురు. మోకాళ్లవరకు ఉప్పునీరు. తొమ్మిది గంటలకు ఉడికించిన మొక్కజొన్నలు. వాన వచ్చిన ఉప్పు కరగునని భయపడి వాటిని గబగబ మ్రింగవలెను. మరల మధ్యాహ్నమువరకు, మరల చీకటి పడువరకు. ఎండకు ఒడలు బొబ్బలెక్కెను. కాళ్లకు పుండ్లు పడి, కొందరికి ఎముకవరకు తినివేసెను. కొన్ని రాత్రులు ఓడకు ఉప్పు కొలుచుటకో, సముద్రపు నీరు తోడు యంత్రమును త్రిప్పుటకో తెల్లవార్లు నిలువవలెను. పండుకొనుటకు పశువుల కొట్టములోవలె విభాగించిన పొడుగైన పాక.

ఆదివారమున ఏమి చేసిరో వినుడి. ఉప్పు సంచులు ఉతికి, ఇతర పనులు ముగించి, పొదలలోనికి పోయి పొడవైన మెత్తని గడ్డి కోసికొని, దానిని కట్టలు కట్టి తెచ్చుకొనిరి. వట్టి బల్లలమీద పుండ్ల కాళ్లు ఆనించి పండుకొనలేకపోయిరి గనుక ఆ గడ్డికట్టలు కాళ్ల క్రింద పెట్టుకొనుటకు. వారి విశ్రాంతిదినమున దొరకిన విశ్రాంతి అంతయు అదే.

మొదటి దొర కోపముతో నురగలు కక్కుచు కొట్టువాడు. ఈ రెండవవాడు కోపపడడు. కొట్టుడని చెప్పి, పొడుము పీల్చుచు అటునిటు తిరుగును. ముఖమున కదలిక ఉండదు. డేనియేలు అను వృద్ధుడు, తుంటి కుంటివాడు, తక్కినవారితో సమానముగా పని చేయలేకపోయెను. వానిని పడవేసి ముండ్లకంపతో చర్మము చీలునట్లు కొట్టించి, ఆ పచ్చి గాయములమీద బకెట్టెడు ఉప్పు చల్లించెను. గాయములు మానకమునుపే పురుగు పట్టెను. అతనిని చూచి తక్కిన వారందరును, ముసలితనమున మాకును ఇదే కదా అని భయపడిరి. నిర్గమకాండము 3:7లో దేవుడు తన జనుల బాధను చూచెననియు, మొఱ వినెననియు, వారి దుఃఖములు ఆయనకు తెలిసియున్నవనియు ఉన్నది. చూచుట, వినుట, తెలిసియుండుట. ఆ పొడుము పీల్చినవాడును చూచెను, వినెను.

ఒకనాడు ఓడమీద ఆమె తల్లి ఆ దీవికి వచ్చెనని విని మేరీ రేవునకు పరుగెత్తెను. తల్లి మతి చెడియుండెను. బిడ్డను ఆనవాలు పట్టలేదు.

ఆ దీవిలో దాసులు తమకై ఒక ప్రార్థన స్థలము కట్టుకొనిరి. తెల్లవారు దానిని పడగొట్టిరి. వారు మరియొకటి కట్టుకొనగా దానిని కూడ పడగొట్టిరి. మన గుడిసె మందిరము పైకప్పు గాలికి ఎగిరిపోయినప్పుడు మనము సణుగుకొందుము. వీరి సంగతి జ్ఞాపకముంచుకొందము.

సుమారు పదియేండ్ల తరువాత మేరీ టర్క్స్ దీవులను విడిచి, కొంతకాలమునకు క్రొత్త యజమానునితో ఆంటిగ్వా దీవికి చేరెను. ఇక్కడ మొరేవియన్ మిషనువారు 1756 నుండి పనిచేయుచుండిరి. మేరీ వారి ప్రార్థన కూటమునకు పోయి, తన పాపములను తెలిసికొని, సంఘమున చేరెను. మిషను దొరసానులు ఆమెకు చదువు నేర్పిరి. ఆ తరగతిలో పిల్లలును నెరసిన తలలవారును కలిసి కూర్చుండిరట. మన రాత్రిబడులు కూడ అట్టివే గదా. కీళ్లవాతముతో కుంటుచునే, దొర లేనప్పుడు ఇతరుల బట్టలు ఉతికి, కాఫీయు దుంపలును అమ్మి, తన్ను తాను కొనుక్కొనుటకు డబ్బు కూడబెట్టెను. దొర అమ్మనొల్లడాయెను.

1826 క్రిస్మసు సమయమున ఆమె డేనియేల్ జేమ్స్ అను వానిని మొరేవియన్ మందిరములో వివాహమాడెను. అతడు వడ్రంగము చేయుచు, పీపాలు కట్టుచు, తన విడుదలను తానే కొనుక్కొన్న స్వతంత్రుడు, విశ్వాసి. ఆంగ్లేయ సంఘములో స్వతంత్రునికి దాసితో పెండ్లి చేయరు. సంగతి తెలిసి దొర గుఱ్ఱపు కొరడాతో ఆమెను కొట్టెను. నల్లవాని బట్టలు తన బట్టలుతుకు తొట్టిలో ఉతుకరాదని దొరసాని పట్టుపట్టెను. ఈ మాట మన గ్రామములలోని పెద్దలకు క్రొత్తగా వినబడదు. వివాహము దేవుడు జతపరచినది అని మనము బోధింతుము. దాసురాలి వివాహమును ఆమె యజమానుడు ఏ దినమున కావలెనన్న ఆ దినమున ఓడ ఎక్కించి వేరుపరచవచ్చును.

ఇచ్చట మన సంఘములను గూర్చి దాచక చెప్పవలెను. మేరీకి అక్షరములు నేర్పిన ఆ మొరేవియన్ మిషనువారే వెస్టిండీస్‌లో దాసులను ఉంచుకొనిరి. బార్బడోసు దీవిలో కాడ్రింగ్టన్ అను దొర 1710లో తన చెరకు తోటలను, దాసులతోకూడ, సువార్త ప్రకటనకై ఒక ఆంగ్లేయ మిషను సొసైటీకి వ్రాసియిచ్చి చనిపోయెను. ఆ సొసైటీ దాసుల రొమ్మున కాల్చిన ఇనుముతో సొసైటీ అను అక్షరములే వాతవేసిరి. 1807లో లండనులో వెస్టిండీస్ దాసులకొరకు ఒక బైబిలు అచ్చువేసిరి. అందులో యోసేపు కథ ఉన్నది. దాసులు యజమానులకు లోబడవలెనను ఎఫెసీయుల 6వ అధ్యాయము ఉన్నది. నిర్గమకాండము మాత్రము 19వ అధ్యాయముతో మొదలగును. మొదటి పదునెనిమిది అధ్యాయములు, అనగా మూలుగు, మొఱ, మోషే, సముద్రము దాటుట, ఏదియు లేదు. దాసుడని స్వతంత్రుడని లేదను గలతీయుల 3:28యు లేదు. వాక్యము దాసులను ఏమి చేయునో ఆ అచ్చువేసినవారికి మనకంటె బాగుగా తెలియును గనుకనే కోసివేసిరి.

1828లో మేరీ యజమానులతో లండనునకు వచ్చెను. ఆ వాతముతోనే మోపులకొలది బట్టలు ఉతుకుమనగా, ఇక చేతకాక, ఆ యిల్లు విడిచి మొరేవియన్ మిషను యింటికి పోయెను. ఇంగ్లండులో ఆమెను ఎవరును బలవంతపెట్టలేరు. కాని భర్తయొద్దకు ఆంటిగ్వా పోయినయెడల మరల దాసియే. స్వాతంత్ర్యము కావలెనా, పెనిమిటి కావలెనా? దాస్య నిర్మూలన సంఘమువారు విడుదల ధర చెల్లింతుమనినను దొర ఒప్పుకొనలేదు. 1829లో ఆమె పక్షమున పార్లమెంటుకు అర్జీ పోయెను. 1831లో ఆమె చెప్పగా సుసన్నా స్ట్రిక్లండ్ వ్రాసికొనెను. ఆ సంఘ కార్యదర్శి థామస్ ప్రింగిల్ దానిని అచ్చువేయించెను. నల్లజాతి స్త్రీ జీవితకథ బ్రిటనులో అచ్చుపడుట అదే మొదలు. ఆ యేటనే మూడు ముద్రణలాయెను. ఆమె మాటలను గూర్చి పలువురు విచారింపగా, ప్రింగిల్ భార్య ఆమె వీపును కన్నులార చూచి, ఆ మచ్చలను గూర్చి సాక్ష్యము వ్రాసెను.

1833లో పార్లమెంటు దాస్యమును కొట్టివేయు చట్టము చేసెను. 1834 ఆగష్టు 1వ తేదీన ఆంటిగ్వా, బెర్ముడాలలోని దాసులు విడుదలైరి. తక్కిన వెస్టిండీస్ దీవులలో పని నేర్చువారను పేరున 1838 వరకు కట్టివేసిరి. ఆ చట్టము ప్రకారము 2 కోట్ల పౌనులు నష్టపరిహారము చెల్లించిరి. ఎవరికి? యజమానులకు. ఉప్పుమడిలో కాళ్లు కుళ్లినవారికి ఒక్క పెన్నీయు లేదు.

ఈ లెక్కను చేతబట్టుకొని ఫిలేమోను పత్రిక చదువుడి. అది ఇరువదియైదు వచనముల పత్రిక. ఒనేసిమును తిరిగి పంపెను గనుక పౌలు దాస్యమును సమ్మతించెనని దాసుల యజమానులు వాదించిరి. వారు 16వ వచనమున ఆగలేదు. ఇక దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకొనుమని అక్కడున్నది. 18, 19 వచనములలో అపొస్తలుడు ఒనేసిము బాకీ ఏమైన ఉన్నయెడల తన లెక్కలో వేయుమని, తానే తీర్తునని స్వహస్తముతో వ్రాసెను. దాసుని పక్షమున అప్పు తలకెత్తుకొనినవాడు చెరసాలలో ఉన్న ముసలివాడు.

మన దేశమునకు ఇది దూరపు కథ కాదు. 17వ శతాబ్దములో డచ్చి కంపెనీవారు మన కోరమాండల్ తీరమున కరవు కాలములలో మనుష్యులను చవుకగా కొని బటావియాకు ఓడలమీద పంపిరి. 1834 తరువాత మారిషస్ చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, కోరంగి రేవునుండి తెలుగువారు ఒప్పందపు కాగితముమీద వ్రేలిముద్ర వేసి పోయిరి. భారతదేశమున 1843 నాటి చట్టము దాస్యమునకు న్యాయస్థానములలో గుర్తింపు తీసివేసెను. 1860 నాటి శిక్షాస్మృతి మనుష్యుని దాసునిగా కొనుటను అమ్ముటను నేరముగా చేసెను. అప్పు పేర కట్టువడిన వెట్టిచాకిరి మాత్రము నిలిచెను. తాత తీసికొనిన బస్తా ధాన్యమునకు మనుమడు పాలేరుగా ఉండుట మన పెద్దలు ఎరిగినదే. 1976లో చట్టముచేత అట్టి అప్పులన్నియు రద్దయ్యెను. నెహెమ్యా 5వ అధ్యాయములో ఇదే సంగతి ఉన్నది: పన్ను కట్టుటకు, తిండికి అప్పుచేసి, పొలములు కుదువపెట్టి, కడకు బిడ్డలను దాసులుగా ఇచ్చిన తలిదండ్రుల మొఱ. వడ్డీ తీసికొనినవారు అన్యులు కారు, సహోదరులే.

ఈ నెల గృహకూటములలో నిర్గమకాండము మొదటి మూడు అధ్యాయములు బిగ్గరగా, చదువురాని పెద్దలు వినునట్లు నెమ్మదిగా చదువుడి. 1807 నాటి పుస్తకమునుండి తీసివేయబడిన అధ్యాయములివే. తరువాత నెహెమ్యా 5:1–13 చదివి, మన సంఘపు కుటుంబములలో ముందు డబ్బు పుచ్చుకొని ఇటుక బట్టీలకో, చేపల చెరువులకో పోయి, లెక్క తేలక తిరిగి రాలేని వారెవరైన ఉన్నారేమో పేర్లతో విచారించుడి. ఉన్నయెడల ఆ పేర్లు సంఘపెద్దలకు తెలియజేయుడి. 1976 చట్టము ప్రకారము అట్టివారిని విడిపించు బాధ్యత జిల్లా కలెక్టరుది. అర్జీ వ్రాయుటకు నేను వచ్చెదను.